కాయని తీగ

మా మేనత్త సుభద్రమ్మది కడియం దగ్గర పల్లె. ఆవిడ పెరట్లో ఏడాది పొడుగునా ఏదో ఒక పాదు ఉండాల్సిందే. ఆనప, బీర, దొండ, బచ్చలి, వానలు వెనకబడితే చిక్కుడు. మా చెల్లెలు మాధవి హైదరాబాద్ కూకట్‌పల్లిలో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటుంది. దాని బాల్కనీ నిండా వేలాడే కుండీలే. ఒక్క తీగకూ కాయ లేదు, చెప్పుకోదగ్గ పువ్వు లేదు. అన్నీ ఆకులే: వెండి చారలవి, వంకాయ రంగువి, నిమ్మపచ్చవి. సంక్రాంతి వెళ్ళాక అత్తయ్య పది రోజులుందామని వచ్చింది. రెండో రోజు పొద్దున్నే వాదన మొదలైంది. ఇద్దరూ మనసులో మాట దాచుకునే మనుషులు కారు. ఆ పూట నేను అక్కడే ఉన్నాను కాబట్టి విన్నది విన్నట్టు రాస్తున్నాను.

అత్తయ్య: ఇన్ని కుండీలు పెట్టావు, ఇన్ని నీళ్ళు పోస్తున్నావు. సాయంత్రం కూరలోకి ఒక్క కాయైనా వస్తుందటే?

మాధవి: రాదు అత్తయ్యా.

అత్తయ్య: మరెందుకివి? తీగన్నాక కాయాలి, లేదా పూయాలి, అదీ కాకపోతే ఆకైనా అక్కరకు రావాలి. మల్లెతీగ కూరకు రాకపోయినా జడలోకొస్తుంది, దేవుడికొస్తుంది. తమలపాకు తీగకు కాయేది, పువ్వేది? అయినా ఆ ఆకు లేందే తాంబూలం లేదు. ఇవి ఏ లెక్కలోకొస్తాయో నువ్వే చెప్పు. ఎకరం పెరడున్నవాళ్ళు ఓ మూల పెట్టుకున్నారంటే అర్థముంది. నీకున్నదే ఆరడుగుల చోటు.

మాధవి: ఆ చోటు సంగతే ముందు చెబుతాను. ఈ ఇంట్లోకొచ్చిన మొదటి ఏడాది నేనూ దొండ పెట్టాను, మీరిచ్చిన ముక్కే. బీరగింజలూ వేశాను. తీగ సన్నగా, పొడుగ్గా సాగింది. ఆకు పాలిపోయింది. బీర మూడు పూలు పూసింది, మూడూ రాలిపోయాయి. నెలరోజులు నా చేతిది తప్పనుకున్నాను. తప్పు చేతిది కాదు, దిక్కుది. ఈ బాల్కనీ ఉత్తరం మొహం, ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంట్. ఈ జనవరిలో ఇక్కడ ఒక్క ఎండపొడ పడదు. మే, జూన్ నెలల్లో పొద్దునో గంట, సాయంత్రమో గంట పడుతుంది, అంతే. కాయ కాసే తీగకు రోజుకు ఆరు గంటల ఎండైనా ఉండాలి. ఆకు ఎండలో వండుకున్న తిండే కదా కాయలోకి చేరేది! ఇక్కడ వండుకున్నది ఆకుకే చాలడం లేదు, ఇక కాయకేం పెడుతుంది? పెద్ద చెట్ల కింద నీడలో పుట్టి పెరిగే తీగలకైతే ఈ వెలుగు సరిపోతుంది. ఇవన్నీ అలాంటి చోట్ల నుంచి వచ్చినవే.

అత్తయ్య: ఎక్కణ్ణుంచి?

మాధవి: ఈ వెండి చారలది మెక్సికో, మధ్య అమెరికా అడవుల నుంచి. పేరు ట్రాడెస్కాంటియా జెబ్రినా. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండు రాజుగారి తోటలు చూసిన తండ్రీకొడుకులు ఉండేవారు, ఇద్దరి పేరూ జాన్ ట్రాడెస్కాంటే. వాళ్ళ పేరు మీదే ఈ జాతికి ఆ పేరొచ్చింది. ఆ మూలనున్న మనీప్లాంట్‌ది పసిఫిక్ సముద్రంలో తాహితీ పక్కనున్న మోరియా అనే చిన్న దీవి.

అత్తయ్య: పరాయి దేశపుదని నేను తప్పుపట్టను. మనం తినే మిరపకాయ పరాయిదే, దేవుడికి పెట్టే బంతిపువ్వూ పరాయిదే. వచ్చి ఏం చేసిందన్నదే నా ప్రశ్న. మిరప వచ్చి పచ్చడైంది. ఇది వచ్చి ఏమైంది?

మాధవి: ఒకసారి ఇలా రండి. ఈ వెండి చారల ఆకును వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడండి. నడుమ ముదురు పచ్చ, దానికిరువైపులా రెండు వెండి పట్టీలు, అంచున మళ్ళీ ఊదా కలిసిన పచ్చ. తిప్పండి. అడుగంతా నేరేడుపండు రంగు. కణుపు దగ్గర వేలు పెట్టండి, ఆకు మొదలు కాడను గొట్టంలా చుట్టుకుని ఉందా? దాని అంచున సన్నటి నూగుంది. వేలెడంత ఆకులో ఇంత పనితనం ఉందత్తయ్యా.

అత్తయ్య: బాగుందే. కాదనను. కానీ అందానికి మన ఎర్రబచ్చలి తీసిపోయిందా? కాడ కుంకుమ రాసినట్టుంటుంది, ఆకు ఈనె కూడా ఎరుపే. కాయ పండితే నల్లటి పూసలా మెరుస్తుంది. చిదిమితే చెయ్యంతా ఊదా. చిన్నప్పుడు మేం ఆ రసంలో పుల్ల ముంచి కాగితాల మీద రాసుకునేవాళ్ళం. అందం కావాలంటే అందం, కంద కలిపి ఆవపెట్టి వండితే కూర. ఒకే తీగలో రెండూ ఉన్నప్పుడు ఒకటే ఉన్నదాన్ని ఎందుకు పెంచడం?

మాధవి: బచ్చలి విషయంలో నేను మీ మాటే ఒప్పుకుంటాను. ఈసారి వేసవిలో పెడతాను కూడా. కానీ ఆ ఎరుపూ ఈ ఊదా ఒకటి కావు. బచ్చలిలో ఉన్నది బీట్‌రూట్ రంగు. ఈ ఆకు అడుగునున్నది వంకాయ తొక్కలో, నేరేడుపండులో ఉండే ఆంథోసయనిన్. ఈ రెండు రంగులూ ఒకే మొక్కలో కలిసి ఉండవు. ఏ మొక్కయినా రెండింట్లో ఒకదాన్నే పట్టుకుంటుంది. అదిగో, ఆ చివర ముదురు ఊదా రంగు తీగ చూడండి, దాన్ని పర్పుల్ హార్ట్ అంటారు. రోడ్ల మధ్య డివైడర్ల మీద ఎర్రటి ఎండలో ఉన్నప్పుడు నల్లగా నిగనిగలాడుతుంది. నా నీడలోకి వచ్చాక ఆకుపచ్చకు తిరుగుతోంది. ఎండ ఎక్కువైనప్పుడు ఆ రంగే ఆకుకు గొడుగు. గొడుగు అక్కర్లేని చోట అది గొడుగు ముడిచేస్తుంది. రంగంటే అలంకారమని మీరనుకుంటున్నారు. అది మొక్క చెబుతున్న కబురు.

అత్తయ్య: కబురా?

మాధవి: ఉండండి, చూపిస్తాను.

మాధవి లోపలికి వెళ్ళి రెండు కుండీలు పట్టుకొచ్చింది. రెండూ మనీప్లాంట్లే. నిరుడు దసరా నాడు ఒకే తీగను రెండు ముక్కలు చేసి నాటిందట. ఒకటి హాల్లో కిటికీ పక్కన ఉంచింది, ఇంకోటి స్నానాలగది గూట్లో. కిటికీ పక్కదాని ఆకుల మీద వెన్నరాసినట్టు పసుపు చారలు. గూట్లోదాని కింది ఆకులకు చారలున్నాయి గానీ, పైకి వచ్చిన కొత్త ఆకులన్నీ ఉత్త పచ్చగా ఉన్నాయి. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని రెండింటినీ పక్కపక్కన చూసింది, ఒకసారి కాదు, మూడుసార్లు.

మాధవి: పసుపున్న చోట పత్రహరితం తక్కువ, అక్కడ తిండి తయారుకాదు. వెలుతురు బాగున్నప్పుడు మొక్క ఆ ఖర్చు భరించగలదు. చీకట్లో పెడితే భరించలేదు, పచ్చగా ఉన్న కొమ్మదే పైచేయి అవుతుంది. చారలు తగ్గుతున్నాయంటే 'నన్ను కిటికీ దగ్గరకు జరుపు' అని అర్థం. అసలు పచ్చేలేని తెల్లకొమ్మ వస్తే దాన్ని కోసి నాటినా బతకదు. నేను ఈ తీగల వల్లే ఈ ఇంట్లో వెలుతురు ఎక్కడెక్కడ ఎంతుందో తెలుసుకున్నాను.

అత్తయ్య: ఇది నేను ఒప్పుకుంటాను. ఆకు రంగు చూసి పాదుకేం తక్కువైందో చెప్పడం మాకూ తెలుసు. అయితే ఇంకో సంగతడుగుతాను. మా కొబ్బరిచెట్టు పట్టుకుని పాకిన తీగ ఒకటుంది, ఇలాగే పచ్చ మీద పసుపు. కానీ ఆకు చేటంత. దాని పేరేంటి?

మాధవి: ఇదే అత్తయ్యా! మీ చెట్టుమీదున్నదీ మనీప్లాంటే.

అత్తయ్య: నిజంగానా?

మాధవి: పైకి పాకనిస్తే ఆకు పెరుగుతూ పోతుంది, అంచులు చీలికలు పడతాయి. కిందికి వేలాడనిస్తే చిన్నాకుగానే ఉండిపోతుంది. ఇంకో వింత చెప్పనా? ఇది పూయదు. 1964 తర్వాత ప్రపంచంలో ఎక్కడా దానంతటది పూసిన దాఖలా లేదు. పూతకు కావలసిన జిబ్బరెల్లిన్ అనే హార్మోనును అది తయారుచేసుకోలేదు. అందుకు కారణమైన జన్యులోపాన్ని 2016లో పట్టుకున్నారు. ఆ హార్మోను బయటినుంచి చల్లితే పూసింది కూడా.

అత్తయ్య: పువ్వే లేకపోతే గింజేది? గింజ లేకుండా ఇన్ని లక్షల ఇళ్ళకు ఎలా చేరింది?

మాధవి: ముక్కలుగా. కణుపున్న ముక్క ఒకటి నీళ్ళలో పెడితే రెండు మూడు వారాల్లో వేరు దిగుతుంది. కణుపు లేకుండా ఒట్టి ఆకు పెడితే మాత్రం ఎన్నాళ్ళయినా తీగ రాదు. జెబ్రినా ముక్కకైతే వేరు దిగడానికి వారం చాలు. మోరియా దీవి నుంచి బయల్దేరిన తీగను ఒకరు కోసి ఒకరికిస్తే, వాళ్ళు కోసి ఇంకొకరికిస్తే, అలా మీ కొబ్బరిచెట్టు దాకా వచ్చింది.

అత్తయ్య: అంటే మనిషి చెయ్యే దానికి గింజ.

ఈ మాట దగ్గర కాసేపు ఇద్దరూ ఆగారు. నాకు తెలిసి ఆ పూట అన్న మాటలన్నిటిలోకీ ముఖ్యమైనది ఇదే. ఆ తర్వాత వాదనంతా దీని చుట్టే తిరిగింది. నడుమ మాత్రం అత్తయ్య వంటింట్లోకి వెళ్ళి, షెల్ఫు మీద మనీప్లాంట్ ముక్క పెట్టిన గాజుసీసా పట్టుకుని బయటికొచ్చింది.

అత్తయ్య: ఈ సీసాలో నీళ్ళు ఎప్పుడు మార్చావు?

మాధవి: సంక్రాంతికి ముందు.

అత్తయ్య: చూడు, అడుగున పురుగులు కదుల్తున్నాయి. దోమపిల్లలు. మా ఊళ్ళో ఆశా కార్యకర్త ప్రతి శుక్రవారం ఇల్లిల్లూ తిరిగి కొబ్బరిచిప్పలూ, టైర్లూ బోర్లించమంటుంది. డెంగీ దోమ వారం పదిరోజుల్లో నీళ్ళలోంచి ఎగిరిపోతుందట. అందం కోసం పెట్టిన సీసా జ్వరం తేకూడదే.

మాధవి: ఇది నా తప్పే. ఇకమీదట శుక్రవారం శుక్రవారం నీళ్ళు పారబోసి, సీసా లోపలంతా తోమి మళ్ళీ పోస్తాను. లేదంటే మట్టిలోకి మార్చేస్తాను.

అత్తయ్య: మట్టిలోకే మార్చు. ఇంకోటి, నీ చంటివాడు ప్రతిదీ నోట్లో పెట్టుకుంటున్నాడు. ఈ ఆకు తింటే ఏమవుతుంది?

మాధవి: నోరు, నాలుక మండుతాయి, వాస్తాయి. మనీప్లాంట్ మన చేమ, కంద కుటుంబంలోదే. పచ్చి చేమాకు గొంతులో దురదపెట్టడానికి కారణమైన సూదుల్లాంటి స్ఫటికాలే ఇందులోనూ ఉంటాయి. చేమను మనం ఉడికించి, చింతపండు వేసి తింటాం. దీన్ని తినకూడదు. పిల్లులకు, కుక్కలకు కూడా పడదు. జెబ్రినా రసం తగిలితే కొందరికి చర్మం దురదపెడుతుంది. అందుకే అన్నీ వాడికి అందనంత ఎత్తులో కట్టాను.

అత్తయ్య: రాలిన ఆకు కిందికే వస్తుంది. రోజూ ఊడ్చు. పక్కింటావిడ ఇవి గాలిని శుభ్రం చేస్తాయంటోందే, అదైనా నిజమేనా?

మాధవి: ఆ మాట చెప్పి నేను ఈ తీగల్ని సమర్థించను. 1989లో నాసా తరఫున వొల్వర్టన్ అనే శాస్త్రవేత్త గాలి చొరబడని పెట్టెల్లో మొక్కలు పెట్టి పరీక్షలు చేశాడు. పెట్టెల్లో ఫలితం కనిపించింది. మన ఇల్లు పెట్టె కాదు. అలాంటి పరీక్షలన్నీ తిరగేసి 2019లో లెక్కకడితే, తలుపులూ కిటికీలూ మార్చే గాలితో సమానంగా పనిచేయాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కల దాకా కావాలని తేలింది. కిటికీ తెరిస్తే అంతకంటే మేలు. నేను వీటిని చూడ్డానికే పెంచుతున్నాను. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని లేచి వచ్చి, ఓ ఆకు చుట్ట విప్పుకుంటోందా లేదా అని చూస్తాను. అది నాకు చాలు.

అత్తయ్య: చూడ్డానికే అయితే బాగా పెంచాలి కదా. ఈ వెండి చారలది చూడు. కింద మూడడుగులు వేలాడుతోంది, కుండీ తల మాత్రం బోడి. దీన్ని ఎప్పుడైనా తుంచావా?

మాధవి: అంత పొడుగు పెరిగిందాన్ని తుంచాలంటే చెయ్యి రాలేదు.

అత్తయ్య: అదే పొరపాటు. బచ్చలి కొన తుంచకపోతే ఒకే తాడులా పోతుంది. తుంచితే కణుపు కణుపుకీ పక్కపిలకలేస్తుంది. కొన మొగ్గ ఉన్నంతసేపూ కింది మొగ్గల్ని లేవనివ్వదు. ఏదీ, పెన్సిలివ్వు.

పెన్సిలు చేతికి రాగానే అత్తయ్య కింద కూర్చుంది. వేలాడుతున్న ఏడు తీగల కొనలను, రెండు మూడు కణుపులతో సహా, గోటితో టక్కున తుంచింది. ప్రతి ముక్కకూ అడుగునున్న ఆకు తీసేసింది. బోడిగా ఉన్న కుండీ తల మీద పెన్సిలుతో ఏడు గుంటలు పొడిచి, ఒక్కో ముక్కా దింపి, బొటనవేలితో చుట్టూ అదిమింది. అది జెబ్రినా అని గానీ, మెక్సికోదని గానీ ఆ చేతులకు అవసరం లేదు. తీగను తీగగా చూశాయి. ఒక ఆకు సందులో దూదిలా తెల్లగా ఉన్న పిండినల్లిని కూడా ఆవిడే పట్టుకుంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవమంది, ఆ తర్వాత లీటరు నీళ్ళలో అర చెంచా వేపనూనె, చుక్క సబ్బునీళ్ళు కలిపి చల్లమంది. మట్టి మరీ బిగుసుకుపోయిందనీ, ఎర్రమట్టీ కొబ్బరిపొట్టూ వర్మీకంపోస్టూ సమంగా కలిపి మార్చమనీ చెప్పింది. చివరికి ఆ తీగల్ని ఇంకా కురచగా తుంచేసింది. ఆ మిగిలిన తీగముక్కల్ని మాధవి చేటలోకి ఎత్తుతుంటే అసలు గొడవ వచ్చింది.

అత్తయ్య: ఇవి ఎక్కడ పడేస్తావు?

మాధవి: కింద చెత్తబుట్టలో. లేకపోతే అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ స్థలంలో. అవే కుళ్ళిపోతాయి.

అత్తయ్య: కుళ్ళవే, బతుకుతాయి. నేను ఈ తీగల మీద కోపంగా ఉన్నది కాయలు కాయవని ఒక్కటే కాదు. మా కాలవ గట్టుకు రా, చూపిస్తాను. ఎవరో తోట శుభ్రం చేసి గట్టున విసిరిన ముక్కలు ఇప్పుడు బారెడు బారెడు దుప్పటిలా పరుచుకున్నాయి. వాటి కింద గరిక లేదు. గేదె నోరు పెట్టదు. గుర్రపుడెక్క సంగతి నీకు తెలుసు కదా, మా కాలవల గొంతు నొక్కేస్తోంది. అదీ ఇలా వచ్చిందే అని మా ఊరి మాస్టారు చెప్పారు.

మాధవి: నిజమే. అది దక్షిణ అమెరికాది. పంతొమ్మిదో శతాబ్దం చివర పూలు బాగున్నాయని బెంగాల్‌కు తెచ్చారు.

అత్తయ్య: చూశావా! దాన్నీ చూడ్డానికే తెచ్చారు, నువ్వూ చూడ్డానికే పెంచుతున్నావు. మనిషి చెయ్యే దీనికి గింజన్నావు...

మాధవి: అది మీరన్నారు అత్తయ్యా.

అత్తయ్య: ఎవరంటే ఏం? ఇచ్చే చెయ్యి గింజయితే పారేసే చెయ్యీ గింజే. కడియపులంక నుంచి రోజూ లారీల కొద్దీ మొక్కలు దేశమంతా పోతున్నాయి. మా పిల్లలకు ఆ నర్సరీల్లోనే కూలి దొరుకుతోంది, ఆ పని వద్దని నేననను. కానీ కొన్నవాడికి, ఇది కాలవలో పడితే ఏమవుతుందో చెప్పి అమ్మేవాళ్ళెవరు?

మాధవి: (కాసేపటికి) మీరన్నదానికి నా దగ్గర జవాబు లేదు. ఈ జెబ్రినాకు చుట్టమైన ఇంకో ట్రాడెస్కాంటియా న్యూజిలాండ్ అడవుల్లో నేలంతా కమ్మేసి, చెట్ల పిల్లమొక్కల్ని పైకి రానివ్వడం లేదు. అక్కడ అది గింజే కట్టదు, తెగిన ముక్కలతోనే వ్యాపించింది. దాన్ని తినే పెంకుపురుగుల్ని 2011లో తెచ్చి వదలాల్సి వచ్చింది. మనీప్లాంటయితే మన పక్కనే, శ్రీలంకలో క్యాండీ ఊరి ఉడవత్తకెలె అడవిలో చెట్లెక్కి కూర్చుంది. ఇవన్నీ చదివాను. చదివి కూడా వెనక స్థలంలో పడేద్దామనుకున్నాను.

అత్తయ్య: తెలిసీ చేస్తే ఎలాగే?

మాధవి: ఇక చెయ్యను. నల్ల పాలిథిన్ సంచిలో మూటకట్టి డాబా మీద ఎండలో పెడతాను. పూర్తిగా కుళ్ళి ముద్దయ్యాక మళ్ళీ కుండీల్లోకే ఎరువుగా వస్తుంది. ఎవరికైనా ముక్క ఇస్తే ఈ మాట చెప్పే ఇస్తాను. కానీ అత్తయ్యా, పెంచడం మానను. ఈ ఉత్తరపు బాల్కనీలో మీ దొండ బతకదు. ఇది బతుకుతుంది. కుండీ దాటకుండా చూసుకోవడం నా పని.

అత్తయ్య: నేనూ నా మాట మార్చుకోను. ఎండున్న చోట కాయ కాసే తీగే పెట్టాలి. ఎండ లేని చోట నీ ఇష్టం.

నేను ఇద్దరి మాటా సరేనంటాను గానీ, పారేసే చెయ్యి విషయంలో పూర్తిగా అత్తయ్య పక్షమే.

సాయంత్రం మాధవి ఒక చిన్న కుండీ తెచ్చి అత్తయ్య ముందు పెట్టింది. చిలకపచ్చ ఆకుల తీగ ఒకటి, దాంతో పెనవేసుకుని దాదాపు నల్లగా ఉన్న ఊదా ఆకుల తీగ ఇంకోటి. అత్తయ్య ఆకు తుంచి వాసన చూసింది.

అత్తయ్య: ఇది చిలగడదుంప తీగ కదే!

మాధవి: అదే. ఇక్కడివాళ్ళు కందగడ్డ అంటారు. పచ్చది మార్గరీటా, నల్లది బ్లాకీ. రంగు కోసం ఏరి పెంచిన రకాలు. కిందే దుంపా ఊరుతుంది, మన దుంపంత తియ్యగా ఉండదు. వీటికి మాత్రం బాగా ఎండ కావాలి, అందుకే నా దగ్గర నీరసంగా ఉన్నాయి. మీ పెరట్లో పెట్టుకుంటారా?

అత్తయ్య: దుంప ఊరుతుందన్నావుగా. పెడతాను. కుండీలోనే పెడతాను.

ఊరెళ్ళేటప్పుడు ఆ కుండీని ఒళ్ళో పెట్టుకునే రైలెక్కింది. కూకట్‌పల్లిలో ఆవిడ నాటిన ఏడు ముక్కల్లో ఆరు అంటుకున్నాయి. మీ ఇంట్లోనూ ఇలాంటి తీగ ఉంటే, కొనలు తుంచండి, బోడిచోట మళ్ళీ నాటండి, ఇరుగుపొరుగుకు ముక్కలివ్వండి. మిగిలినవాటిని మాత్రం చెరువు గట్టునా, కాలవలోనా, ఖాళీ స్థలంలోనా పడేయకండి. నల్లసంచిలో కట్టి, ఎండలో ముద్దయ్యేదాకా ఉంచండి.